పని ముగిసిన పిదప వెనుదిరిగి చూచుట



మా యూరి చెరువుకట్టకు ఒకే తావున రెండు మారులు గండి పడినది. మొదటి గండి వానవలన పడినది. రెండవది మావలన పడినది. ఈ రెండవ మాట ఒప్పుకొనుటకు మాకు చాల దినములు పట్టెను. ఎట్లు ఒప్పుకొంటిమో, ఒప్పుకొనిన పిదప ఏమి నేర్చితిమో తమకు విన్నవించుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

నేను జనగామ ప్రాంతమున నొక పల్లెలో పుట్టి, బడిపంతులుగా బ్రతుకు గడిపి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. లెక్కలు వ్రాయనేర్తునను కారణముచేత మా చెరువు సంఘమువారు పుస్తకమును నా చేతికిచ్చిరి. కావున నేను చెప్పబోవునది ఇతరులవలన విన్న ముచ్చట కాదు. నా కన్నుల యెదుట జరిగినది, నా చేతితో వ్రాసినది. అందు నా తప్పును కొంత కలదు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యను మూడును 2016 అక్టోబరు 11వ తేదీన వేరువేరు జిల్లాలైనవి. అంతకు మునుపు వీని భూమిలో చాల భాగము వరంగల్లు జిల్లాలోనిదే. పేరులు మారినను మన బ్రతుకునకు ఆధారము మారలేదు. మనది చెరువుల సీమ. కాకతీయులనాటి గణపసముద్రము, రామప్ప, లక్నవరము, పాకాల చెరువులు పదమూడవ శతాబ్దమునుండి నేటివరకు నిలిచియున్నవి. వీనిని కట్టించినవారి గొప్పదనమును మనము ఎల్లప్పుడు చెప్పుకొందుము. కాని కట్టించినవారు ఒక తరమువారు. ఎక్కడ నీరూరుచున్నదో, ఎక్కడ మట్టి కుంగినదో చూచి కాపాడినవారు ఎన్నో తరములవారు. వారి పేరు ఏ శాసనమునను లేదు. నేటి నా మాట ఆ రెండవ తెగవారిని గూర్చినది.

ఇక మా చెరువు కథ. కొన్ని యేండ్ల క్రిందట ఒక శ్రావణమాసమున తూము ప్రక్కన కట్ట తెగినది. ఆయకట్టు మునిగినది, నాట్లు వేసిన మళ్ళలో ఇసుక మేట వేసినది. ఆ వేసవిలో ఊరంతయు నొక్కటై ఇంటికొక మనిషి చొప్పున వచ్చి, ట్రాక్టరు గలవారు ట్రాక్టరు, ధనము గలవారు ధనము తెచ్చి, నలుబది దినములు పాటుపడి గండి పూడ్చితిమి. పని ముగిసిననాడు కట్టమైసమ్మకు బోనములు సమర్పించి, కట్ట క్రింద అందరును పంక్తిని కూర్చుండి భోజనములు చేసితిమి. అంత సంతోషము మా యూర నేనెన్నడును చూడలేదు.

మరునాడు రచ్చకట్టయొద్ద సభ కూడినది. నేను లెక్క చదివితిని. వచ్చిన సొమ్మింత, ఖర్చైనదింత, మిగిలినది సున్న యంటిని. అంతట నొకరు లేచి, "అసలు గండి ఎందుకు పడె?" నని అడిగిరి. మంచి ప్రశ్న. కాని నిమిషము గడువకముందే ఆ ప్రశ్న "గండి ఎవనివలన పడె?" నని మారిపోయినది. మారినట్లు మాలో నొక్కరును గమనింపలేదు.

మా నీరడి వృద్ధుడు. తాతతండ్రులనాటినుండి తూము చూచుట వారి వృత్తి. అందరి వ్రేళ్ళును అతనివైపు తిరిగినవి. ఆ రాత్రి తూము ఎత్తవలసినవాడు ఎత్తలేదని ఒకరు, కల్లు త్రాగి పండుకొనెనని ఒకరు అనిరి. అతడు కండువా దులిపి భుజమున వేసికొని, మారుమాట లేక వెడలిపోయెను. సంఘమువారు ఆ యేటికి అతనికి రావలసిన ధాన్యములో కోత విధించిరి. ఆ తీర్మానమును నేను గుండ్రని యక్షరములతో పుస్తకమున వ్రాసితిని. సభ ముగిసినది, అందరి మనస్సులును చల్లబడినవి. తప్పు దొరికినది, తప్పు చేసినవాడు దొరికినాడు, ఇక భయమేమి?

మరుసటి యేడు భాద్రపదమున అదే తూము ప్రక్కన, అదే తావున, కట్ట మరల తెగినది.

ఈ మారు సభ కూడకమునుపే నేను ఒంటరిగా నీరడి ఇంటికి పోతిని. వాకిట నులకమంచముపై కూర్చుండియుండెను. "పెద్దయ్యా, తూము పక్క నీళ్ళు ఊరుతున్న సంగతి నీకు ముందే ఎరుకేనా?" అని అడిగితిని.

"ఎరుకే సారూ. మూన్నెళ్ల సంది ఎరుకే."

"మరి చెప్పకపోతివి?"

అతడు నా ముఖము చూచి యిట్లనెను: "నన్నెవలడిగిండ్రు సారూ? పోయినేడు నోరు తెరవకముందే నా గింజలు కోసిండ్రు. ఈయేడు నోరు తెరిస్తే ఇంకేం కోస్తరో అని ఊకున్న."

పిదప అతడు నాకొక పాఠము చెప్పెను. ముప్పది యేండ్లు పిల్లలకు చదువు చెప్పిన నాకు ఆ పాఠము తెలియదు. పాత రాతితూమునకును క్రొత్త మట్టికిని తమంత తాము పొందిక కుదరదట. తూము ప్రక్కన వేసిన మట్టిని పలుచని పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస తో కొట్టినగాని అది రాతిని పట్టుకొనదట. పనిలో కడపటి మూడు దినములు పండుగ తొందరలో మేము పొడిమట్టిని కుప్పలుగా పోసి ట్రాక్టరు త్రిప్పి వదలితిమి. ట్రాక్టరు చక్రము రాతి యంచువరకు పోదు. ఆ సందున నీరు దారి చేసికొని, మట్టిని కొంచెము కొంచెముగా తీసికొనిపోయి, లోపల బుంగ చేసినది. "ఊట నీళ్లు తేటగ ఉంటే కొంత నయం సారూ, మట్టినీళ్లు వచ్చినయంటే కట్ట లోపల తింటున్నట్టు," అని అతడు చెప్పెను. చాకిరేవున బట్టలుతుకు స్త్రీలును ఆ మట్టినీటిని పదిదినములు ముందే చూచిరట. వారినికూడ ఎవరును అడుగలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకము తెరచి, నేను వ్రాసిన తీర్మానమును చదివికొంటిని. అందు మట్టి మాట లేదు, నీటి మాట లేదు, తూము మాట లేదు. ఒక ముసలివాని పేరు మాత్రమున్నది.

అది బతుకమ్మ పండుగ దినములు. హైదరాబాదున కంప్యూటరు కంపెనీలో పనిచేయు నా మనుమడు ఇంటికి వచ్చియుండెను. నా విచారమును చూచి కారణ మడిగి, తమ కార్యాలయములో నున్న ఒక వాడుకను నాకు తెలిపెను. అక్కడ ఎనమండుగురో పదుగురో ఒక జట్టుగా పనిచేయుదురు. రెండు వారముల పని ముగియగనే అందరును ఒక గంటసేపు కూర్చుండి, క్రొత్తపని మాట తలపెట్టక, జరిగిన పనినే తిరిగి చూచుకొందురు. ఏది బాగుగా సాగినది? ఏది సాగలేదు? వచ్చు మారు దేనిని మార్చవలెను? ఈ మూడు ప్రశ్నలే. దానికి వారు 'రెట్రాస్పెక్టివ్' అని పేరు పెట్టిరి. నేను నవ్వి, "నాయనా, దానికి మనవారు ఏనాడో సింహావలోకనమని పేరు పెట్టిరి," అంటిని. సింహము నడచుచు నడచుచు నడుమ నాగి, మెడ త్రిప్పి, వచ్చిన దారిని ఒకమారు చూచునట. భయముచేత కాదు, ముందుదారిని ఎరిగి నడచుటకే. పేరు మనకున్నది, వాడుక వారికున్నది.

ఈ వాడుక పుట్టుపూర్వోత్తరములను పిదప నేను కొంత తెలిసికొంటిని. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డు అనుచోట పదునేడుగురు సాఫ్ట్‌వేరు నిపుణులు కూడి తమ పనికి కొన్ని సూత్రములను ఏర్పరచుకొనిరి. పండ్రెండు సూత్రములలో కడపటిది ఇదియే: జట్టు తరచుగా తన్నుతాను చూచుకొని తన నడతను సవరించుకొనవలెనని. ఆ యేడే నార్మన్ కెర్త్ అను నతడు ఈ విషయముపై నొక గ్రంథము ప్రకటించెను. అతని మొదటి నియమము నా మనస్సునకు మిక్కిలి నాటినది. సభలో ఏ సంగతి బయటపడినను, ఆనాటికి తనకు తెలిసినంతలో, తనకు చేతనైనంతలో, తనకున్న సాధనములతో ప్రతి మనిషియు తన శక్తికొలది పని చేసెనని నమ్మి మాటలాడవలెనని ఆయన చెప్పెను. మా సభలో మేము నమ్మనిది అదియే.

ఇంకను వెనుకకు పోయినచో, అమెరికా సైన్యమువారు 1970 తరువాతి దశకములో తమ యుద్ధశిక్షణమునందు ఇట్టిదానినే ఏర్పరచుకొనిరి. ఏమి చేయదలచితిమి, ఏమి జరిగినది, ఎందుకట్లు జరిగినది, వచ్చు మారు ఏమి చేయుదుము, అని నాలుగు ప్రశ్నలు. ఆ సేపు సిపాయి తన యధికారి యెదుటనే, "మీ ఆజ్ఞ మాకు అర్థము కాలేదు," అని చెప్పవచ్చును. జపానులో 'హన్సెయి' అను ఆచారము కలదు. టొయోటా కార్ఖానాలో పని చక్కగా నెరవేరినప్పుడు సైతము ఇంకను ఏమి లోపించినదో చూచుకొందురు. సిపాయికిని, కార్ఖానా పనివానికిని, నా మనుమనికిని పనికివచ్చిన పద్ధతి చెరువుకట్టమీది మనకు పనికిరాకపోవునా యని నాకు తోచెను.

ఇచ్చట పెద్దలకొక సందేహము కలుగవచ్చును. మనకు విచారణలు లేవా, తనిఖీలు లేవా యని. ఉన్నవి, ఉండవలెను. 2005నాటి ఉపాధి హామీ చట్టములోని 17వ సెక్షను గ్రామసభకు సామాజిక తనిఖీ చేయు నధికారమిచ్చినది. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. మొదటి విడత జిల్లాలలో వరంగల్లును ఒకటి. ఆ తనిఖీలను పెద్ద యెత్తున నడిపిన ఖ్యాతి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు దక్కినది. మస్టరులో నున్న పేరు గల మనిషి నిజముగా ఉన్నాడా, తవ్విన గుంత కొలతకు సరిపోవునా యని ప్రజావేదికలో నలుగురి యెదుట అడుగుట మన పల్లెలకు అలవాటైనది. అది గొప్ప మేలు.

కాని తనిఖీ వేరు, సింహావలోకనము వేరు. తనిఖీ లెక్క నడుగును. సింహావలోకనము పాఠము నడుగును. తనిఖీలో సమాధానము చెప్పువాడు తన్ను కాపాడుకొనుటకు చెప్పును, అది సహజము. సింహావలోకనములో చెప్పువాడు పనిని కాపాడుటకు చెప్పవలెను. ఈ రెంటిని ఒకే నాడు, ఒకే చాపమీద జరిపితిమా, రెండును చెడును. సొమ్ము కాజేసినవాడున్నచో వాని సంగతి వేరొకనాడు, వేరొక చోట, పంచాయతీలోనో పోలీసు ఠాణాలోనో తేల్చుకొనుడు. వెనుదిరిగి చూచు సభలోనికి దానిని తేవలదు. దొంగను పట్టుటకు పన్నిన వలలో ముందు చిక్కువాడు నోరులేనివాడే. మా యూర జరిగినది ఇదియే.

ఇక రెండవ గండి పిదప మేము జరిపిన సభను గూర్చి చెప్పుదును. దానినుండియే పద్ధతి తెలియగలదు.

మొదటిది, చోటు. ఈ మారు మేము రచ్చకట్టయొద్ద కూడలేదు. అక్కడ ఎవరెక్కడ కూర్చుండవలెనో ముందే నిర్ణయమై యున్నది. కూర్చుండు తావుతోనే మాటకు బరువు ఏర్పడును. కట్టమీదనే, గండియొద్ద, వేపచెట్టు నీడలో, అందరమును నేలమీద కూర్చుంటిమి. ముందుగా కట్ట ఆ చివరనుండి ఈ చివరవరకు అందరము కలిసి నడచితిమి. కన్నులతో చూచినదానిపై వాదము తక్కువ.

రెండవది, మనుష్యులు. పనిచేసిన వారందరిలోనుండి వచ్చిరి: మట్టి మోసిన కూలీలు, ట్రాక్టరు తోలిన పిల్లవాడు, చాకిరేవు స్త్రీలు, నీరడి. సభ నడుపుటకు సంఘపు పెద్దను పెట్టుకొనలేదు. తన పనిని తానే తూచువాని చేతిలో త్రాసు నిలువదు. పొరుగూరినుండి అందరికిని గౌరవపాత్రుడైన యొక రైతును పిలిచితిమి. ఆయన పని ఒక్కటే: ఎవరి మాటయు మధ్యలో తెగకుండ చూచుట, 'ఎవడు' అను మాట వచ్చినప్పుడు దానిని 'ఎందుకు' అను మాటవైపు త్రిప్పుట.

మూడవది, ప్రాయశ్చిత్తము. సభ మొదలుకాక మునుపు నేను లేచి నిరుటి తీర్మానమును పైకి చదివితిని. "ఇది తప్పు తీర్మానము, వ్రాసిన చేయి నాది," అని చెప్పి, దాని క్రిందనే ఆ మాట వ్రాసి చేవ్రాలు చేసితిని. కోసిన ధాన్యమును తిరిగి యిచ్చుటకు సంఘము ఒప్పుకొన్నది. నీరడి ఏమియు అనలేదు. కాని కండువా భుజమునుండి తీసి ఒడిలో పెట్టుకొని స్థిమితముగా కూర్చుండెను. అతడు ఇక లేచిపోడని నాకు తెలిసినది.

నాలుగవది, వరుస. చిన్నవారు ముందు, పెద్దలు పిదప మాటలాడవలెనని నియమించుకొంటిమి. పెద్ద ముందు మాటలాడినచో చిన్నవాడు ఆ మాటకే తాళము వేయును. అభిప్రాయములకు ముందు సంగతులు. ఏ దినమున ఏమి జరిగినదో నేలమీద గులకరాళ్ళు పరచి గుర్తుపెట్టితిమి: ఇది పని మొదలైన దినము, ఇది మట్టి చాలక వేరొక చోటినుండి తెచ్చిన దినము, ఇది నీళ్ళ ట్యాంకరు రాక పొడిమట్టి పోసిన దినము, ఇది మట్టినీరు కనబడిన దినము. గులకరాళ్ళ వరుస పూర్తియగునప్పటికి కారణమేమని అడుగవలసిన పని లేకపోయెను. అందరికిని కనబడుచునే యున్నది. ట్రాక్టరు పిల్లవాడే, "రాతి అంచుకు బండి పోదని నాకు తెలుసు, చెప్తే పండుగకు ఆలస్యమైతదని తిడతరని చెప్పలే," అనెను. నలువురు కలిసి చేసిన తప్పు నలువురిమీద పంచుకొనబడినప్పుడు ఎవరికిని మోయరాని బరువు కాలేదు.

అయిదవది, మంచి. ఏది చక్కగా జరిగినదో అదికూడ అడిగితిమి. ఇంటికొక మనిషి చొప్పున రావలెనను కట్టుబాటు తప్పకుండ జరిగినది. మత్తడివైపు వేసిన రాతికట్టు చెక్కుచెదరలేదు. వీనిని మార్చగూడదని వ్రాసికొంటిమి. కీడునే వెదకువాడు మేలును కూడ పారవేయును.

ఆరవది, తీర్మానము. సభలో పదునొకండు మార్పులు సూచింపబడినవి. పొరుగూరి రైతు నవ్వి, "పదునొకండు వ్రాసికొన్నచో ఒక్కటియు చేయరు, రెండు ఏరుకొనుడు," అనెను. రెండు ఏరుకొంటిమి. ఒకటి: తూము ప్రక్కన మట్టిని జానెడు పొరలుగా తడిపి, దిమ్మిసతో మనుష్యులే కొట్టవలెను, ఇద్దరు పేరుగల మనుష్యులు దగ్గర నిలిచి చూడవలెను. రెండు: వానకాలమున నీరడి ప్రతి ఉదయము తూము చూచి, ఊట తేటగా నున్నదో మట్టిగా నున్నదో చాయ హోటలులో వ్రేలాడదీసిన పుస్తకమున గుర్తు పెట్టించవలెను, మట్టినీరు చూచినవారు ఎవరైనను, ఆడువారైనను పిల్లలైనను, నేరుగా ముగ్గురిలో ఒకరికి చెప్పవచ్చును. ఇసుక నింపిన సంచులు మృగశిర కార్తె నాటికి కట్టమీద సిద్ధముగా నుండవలెను. ప్రతిదానికి ఒక మనిషి పేరు, ఒక తేదీ వ్రాసితిమి. 'సంఘము చూచుకొనును' అని వ్రాయుట ఎవరును చూచుకొనరనుటయే.

ఏడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. వచ్చు సభలో మొదటి పనిగా వెనుకటి తీర్మానమును చదివి, అయినదా కాలేదా యని అడుగవలెను. ఇది లేనిచో తక్కినవన్నియు నీటిమీది వ్రాతలు.

2023 జూలైలో ఆ భారీవానలు వచ్చినప్పుడు మా పద్ధతికి పరీక్ష వచ్చినది. ఒక తెల్లవారుజామున చాకిరేవు స్త్రీ యొకతె ఊట రంగు మారినదని చూచి, తడిసిన బట్టలతోనే వచ్చి తలుపు తట్టెను. గంటలో నలుబదిమంది కట్టమీద నుండిరి. ఇసుక సంచులు తూముచుట్టు వేసితిమి. కట్ట నిలిచినది. ఐనను మేము పూర్తిగా గెలిచితిమని చెప్పజాలను. మత్తడి దిగువ కోతపడి నలుగురు రైతుల మళ్ళు చెడిపోయినవి. ఆ సంగతి మేము ముందుగా తలపోయలేదు. వానలు వెలిసిన వారమునకు మరల వేపచెట్టు క్రింద కూడితిమి. ఆ నలుగురు ముందు మాటలాడిరి.

ఆ దినములలోనే మనకంటె ఎంతో పెద్ద ఆపద భూపాలపల్లి జిల్లాలో కలిగినది. జూలై 27వ తేదీన మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తినది. జనులు ఇండ్ల కప్పులపైకి ఎక్కి సాయమునకై ఎదురుచూచిరి. హెలికాప్టరులు, పడవలు రావలసివచ్చెను. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఇరువదినాలుగు గంటలలో ప్రక్కనున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైనది. మరుసటి యేడు, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రము నడుమ రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి రైళ్ళు నిలిచినవి.

అంతటి వానను ఆపుట మానవశక్తిలో లేదు. కాని వాగుల యొడ్డున నున్న ప్రతి పల్లెయు నీరు తీసిన పిదప ఒకమారు కూర్చుండి అడుగదగిన ప్రశ్నలున్నవి. నీరు పెరుగుట మొదట చూచినదెవరు? వారు ఎవరికి చెప్పిరి? ఆ మాట ఎంతసేపటికి ఊరంతట తెలిసినది? ఏ దారి ముందు మూసికొనిపోయినది? నడువలేని ముసలివారిని ఎవరు తీసికొనివచ్చిరి, ఎవరు మరచిపోబడిరి? ప్రభుత్వమువారి నివేదికలో వాన కొలత ఉండును, నష్టపు లెక్క ఉండును. ఈ ప్రశ్నలకు జవాబు ఆ రాత్రి ఆ ఊర నున్నవారికి మాత్రమే తెలియును. వారు చెప్పుకొననిచో ఆ జ్ఞానము ఒక తరముతోనే పోవును.

వెనుదిరిగి చూచుట మనకు బొత్తిగా క్రొత్త కాదు. భూపాలపల్లిలో సింగరేణివారి కాకతీయ గనులున్నవి. గనిలో ఒక వేళ పని ముగించి పైకివచ్చు సర్దారు తాను చూచినదానిని పుస్తకమున వ్రాయును. దిగబోవు సర్దారు దానిని చదివి చేవ్రాలు చేయును. కప్పు ఎచ్చట కదలినదో ముందువాడు వ్రాయకున్నచో వెనుకవాని ప్రాణమునకు ముప్పు. 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి పిదప ములుగు జిల్లాలో చేరిన మేడారమును తలచుకొనుడు. రెండేండ్లకొకమారు సమ్మక్క సారలమ్మల జాతర అదే చోట, అదే వాగు ప్రక్కన జరుగును. మరల మరల వచ్చు పని ఏదైనను, ముగిసిన వారములోనే చూచుకొనవలెను. రెండేండ్లు ఆగినచో జ్ఞాపకము చెడి కథగా మారును.

చివరగా ఒక హెచ్చరిక. ఈ సభయు ఒక తంతుగా మారగలదు. ఫోటో తీసికొని, చాయ త్రాగి, 'అన్నియు బాగున్నవి' అని వ్రాసి లేచిపోవుట జరుగును. నా మనుమడు తమ కార్యాలయమున సైతము అట్లు జరుగుటను చూచితినని చెప్పెను. సభ నిజమైనదో కాదో తెలియుటకు ఒక గుర్తు కలదు: ఆ దినమున పెద్దలకు చేదైన మాట ఒక్కటైనను చిన్నవాని నోట వచ్చినదా? వచ్చి, చెప్పినవాడు మరునాడు తలయెత్తుకొని తిరుగగలిగినాడా?

పెద్దలారా, మనము పని మొదలుపెట్టుటకు ముహూర్తము చూచుదుము. ముగిసినప్పుడు విందు చేయుదుము. ఆ రెంటి సరసన ఈ మూడవదానిని చేర్చుకొనుడని నా ప్రార్థన. బడి కట్టుటైనను, గుడి ఉత్సవమైనను, వడ్లు కొనుగోలు కేంద్రము నడుపుటైనను, పని ముగిసిన వారములో ఒక పూట నేలమీద కూర్చుండుడు. మీ యూర అన్నియు చూచి ఏమియు చెప్పనివాడు ఒకడుండును. అతనిని ముందుగా పిలువుడు.

మా నీరడి నిరుడు కాలము చేసెను. చాయ హోటలులోని పుస్తకమున ఇప్పుడతని మనుమరాలు గుర్తులు పెట్టించుచున్నది. నిన్నటి ఉదయము ఆమె చెప్పి వ్రాయించిన మాట: తూము ఊట తేటగా నున్నది.

సెలవు.